రెండు మందులు, ఒకటే చేదు

హుకుంపేట
28 జూలై 1926

వదినగారికి, కొండ మీద నుంచి మీ మరదలు వరమ్మ చేసుకునే వందనాలు.

మీరు పంపిన మందు సీసా పగలకుండా చేరింది. గడ్డిలో చుట్టి బుట్టలో పెట్టారు కాబట్టి సరిపోయింది. అదే బుట్టలో వేసిన బెల్లం మాత్రం నీరుకారి చీమలపాలైంది. ఇక్కడికి వచ్చిన దగ్గర నుంచి ఎండ మొహం చూడలేదు. మీ తమ్ముడు చదువు చెప్పే బడి పాకలో మూడు చోట్ల కారుతోంది. పిల్లలు ఆకు గొడుగులు నెత్తిన పెట్టుకునే అక్షరాలు దిద్దుతున్నారు.

మీ తమ్ముడికి జ్వరం వచ్చిన సంగతి పోయిన ఉత్తరంలో రాశాను. వణుకు పుట్టి, మంచం కోళ్లు కదిలేలా వణికి, తరవాత కాలిపోయి, చెమటపట్టి దిగిపోవడం. మళ్లీ ఒకరోజు ఆగి అదే వరస. మీ మందు మొదలుపెట్టాక నెమ్మదించింది. సీసాకు మీరు అంటించిన కాగితం గీతల ప్రకారమే పోస్తున్నాను.

ఇంకొక మాట ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, మా అమ్మకి రాస్తే అక్కడ ఏడుస్తుంది. మీకైతే రాయవచ్చు. నాకు నెల తప్పి నాలుగో నెల. తొలి కాన్పుకి పుట్టిల్లు మాడుగుల వెళ్తానని మొన్న ఆయనతో అన్నాను. జవాబు లేదు. మర్నాడు మళ్లీ అడిగాను. గోడకేసి చూస్తూ కూర్చున్నారు. అన్నానికి పిలిచినా పలకడం లేదు. నేను వెళ్లి ఎదురుగా నిలబడితే తప్ప లేవడం లేదు. నేను ఏం తప్పుమాట అన్నానో నాకు తెలియడం లేదు. మీ మాటంటే ఆయనకి గురి కదా, ఒక ముక్క రాయండి.

మీ మరదలు
వరమ్మ


చోడవరం
4 ఆగస్టు 1926

మరదలు పిల్లకి వదిన మగ్దలేనమ్మ ముద్దులు పెట్టి రాయునది.

నాలుగో నెలా! ఈ మాట ఉత్తరం చివర పెడతావా? నేను మొదటి పేజీ అంతా బెల్లం గురించి చదువుకుంటూ కూర్చున్నాను. ప్రభువుకు స్తోత్రం. బరువులు ఎత్తకు. ఆ వాగు గాలి, ఈ కొండ గాలి అని చెవులు మూసుకుని భయపడనక్కర్లేదు గానీ, తడిబట్టతో ఉండకు.

మా తమ్ముడు దైవాధీనం అలకకి నువ్వు బెంగపడకు. మా నాన్న కూడా అంతే. కోపం వస్తే వారం రోజులు నోరు విప్పేవాడు కాదు. మా అమ్మ ఆయనతో దూలానికి చెప్పినట్టు చెప్పేది. ఒళ్లు బాగులేని మగవాడి దగ్గర పుట్టింటి ప్రయాణం ఎత్తావు, అదీ సంగతి. కొన్నాళ్లు ఆ మాట మానెయ్యి. తనంతట తనే పలుకుతాడు.

మందు మాత్రం మానకు. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. జ్వరం దిగింది కదా అని ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది. ఇక్కడ నేను పనిచేసే ఆసుపత్రికి అలా ఆపేసినవాళ్లని మోసుకొస్తూనే ఉంటారు. వాడికి చిన్నప్పటి నుంచీ మందంటే ఒళ్లు మంట. నోట్లో పెట్టుకుని పెరట్లో ఉమ్మేసేవాడు. దగ్గరుండి మింగించు. తల తిరుగుతోందంటాడు, వికారమంటాడు, నమ్మకు. ఊళ్లోవాళ్లు వేళ్లూ పసర్లూ తెస్తే మర్యాదగా పంపించెయ్యి.

వాణ్ణి స్వహస్తంతో రెండు ముక్కలు రాయమను. పెళ్లయ్యాక అక్కకి కార్డు ముక్కయినా లేదు.

నీ వదిన
మగ్దలేనమ్మ


హుకుంపేట
11 ఆగస్టు 1926

వదినగారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. అలక అని మీరు అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కాదు వదినా. ఆయనకి వినపడడం లేదు.

నిన్న గంజి వారుస్తుంటే చెయ్యి జారి ఇత్తడి గిన్నె ఆయన వెనకే బండ మీద పడింది. పక్కింటి సుక్రు పెళ్లాం పరుగెత్తుకొచ్చింది. ఆయన తల తిప్పలేదు. నేను ఎదురుగా కూర్చుని భుజాలు పట్టుకుని అడిగాను. "ఏటీ? ఏటన్నావు?" అంటారు. ఎంత అరిచినా అదే మాట. చివరికి తన చెవులు రెండూ చూపించి, "లోపల గంటలు కొడతన్నాయే వరమ్మా. గుడి గంటలు కావు, రేకు మీద కర్రతో కొట్టినట్టు. మందు మొదలెట్టిన కాణ్ణించీ ఉంది. తగ్గిపోద్ది కదాని సెప్పలేదు" అన్నారు.

ఇన్నాళ్లూ ఆయన నన్ను పలకరించడం లేదని నేనూ మొహం తిప్పుకుని తిరిగాను. ఆయన నేనే మాట్లాడడం మానేశానని అనుకున్నారట.

సుక్రు వచ్చి చూసి, "అమ్మగోరూ, పంతులుగోరి సెవుల్లో కొండగాలి దూరిసినాది. బేగి గురుమాయిని పిలవండి, ఆలీసెం సేత్తే మనిసి దక్కడు" అన్నాడు. గురుమాయి అంటే ఇక్కడ పూనకం వచ్చి మందు చెప్పే ఆవిడ. పిలవకుండానే వచ్చింది. మీరు రాసింది తలచుకుని దండం పెట్టి పంపించేశాను. ఊరంతా నన్ను ఒక రకంగా చూస్తున్నారు.

మందు మానలేదు. మీరు చెప్పినట్టు దగ్గరుండి తాగిస్తున్నాను. తాగిన కాసేపటికి కక్కుకుంటున్నారు. మళ్లీ పోస్తున్నాను. నడుస్తుంటే తూలుతున్నారు.

మీరు స్వహస్తంతో రాయమన్నారు. కాగితం, కలం ఇచ్చాను. కాసేపు చూసి, గీతలు అలికినట్టున్నాయని పక్కన పెట్టేశారు. ఇవాళ దీపం వెలిగించి ఆయన ముందు పెట్టాను. "దీపం ఎట్టవేటే? సీకటడిపోనాది కదా" అన్నారు.

వదినా, నేనేం చెయ్యాలి? సుక్రు ఈ ఉత్తరం పట్టుకుని పాడేరు పరుగెడుతున్నాడు.

వరమ్మ


చోడవరం
12 ఆగస్టు 1926

మరదలు పిల్లకి,

నీ దగ్గర నుంచి జవాబు రాలేదు. వానలకి ఘాటీలో టపా ఆగి ఉంటుంది. ఈలోగా మంచి అవకాశం దొరికింది. ఉప్పు బస్తాలతో యర్రయ్య ఎడ్లు మీ సంతకి వస్తున్నాయి. అతని చేతికి ఇంకో సీసా ఇచ్చాను. జ్వరం అన్నిసార్లు వచ్చిందని చెబితే మా డాక్టరు దొరసానిగారు ఈసారి ఘాటు పెంచి కలిపించారు. పాతది అయిపోయినా అయిపోకపోయినా ఇది మొదలుపెట్టు. ఈ దెబ్బతో జ్వరం వేళ్లతో సహా పోవాలి.

సీసాతో పాటు గుడ్డ ముక్కలు పంపాను. మా వార్డులో ఉతికి ఆరేసిన పాత దుప్పట్లవి, మెత్తగా ఉంటాయి. పుట్టబోయేవాడికి.

నీ వదిన


చోడవరం
16 ఆగస్టు 1926

వరమ్మా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇది చదివిన క్షణం నుంచి వాడికి ఏ మందూ ఇవ్వకు. పాతదీ వద్దు, యర్రయ్య తెచ్చే కొత్తదీ వద్దు. కొత్తది నేల మీద పారబొయ్యి.

చెవుల్లో మోత, వినపడకపోవడం, తూలడం, చూపు మసక ఇవన్నీ కొండగాలి కాదు. ఆ మందు పనే. అది కొయినా, దొరలు క్వినైన్ అంటారు. జ్వరానికి అంతకు మించింది లేదు, కానీ ఒంట్లో మోతాదు మించితే చెవుల మీదా కళ్ల మీదా పడుతుంది. కొద్దిగా మోత రావడం మామూలే, అంతవరకూ భయం లేదు. చూపు తగ్గడం మామూలు కాదు.

నాకు అర్థం కానిది ఒకటే. దొరసానిగారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. నేను పంపిన మొదటి సీసా గీతల ప్రకారం పోస్తే ఇంత దూరం రాదు అన్నారు. మరి ఏం జరిగింది? చెంచా మార్చావా? వాడు ఇంకేమైనా మింగుతున్నాడా? కడుపులోకి పోయేది ఏదైనా సరే, ఎవరిచ్చిందైనా సరే, దాచకుండా రాయి. ఈ ప్రశ్న నేను మొదటి సీసా పంపేటప్పుడే అడగాల్సింది.

మంచినీళ్లు బాగా తాగించు. గంజి, పాలు పట్టు. ఒంటరిగా బయటికి నడవనివ్వకు, మీ ఇంటి వెనక లోయ ఉందని రాశావు. మూత్రం నల్లగా గానీ ఎర్రగా గానీ వస్తే, డోలీ కట్టించి వెంటనే కిందికి దింపించు.

మనిషిని పెట్టి పంపుతున్నాను. ఘాటీ వాగు పొంగిందంటున్నారు. ప్రభువు దాటించాలి.

మగ్దలేనమ్మ


హుకుంపేట
18 ఆగస్టు 1926

వదినగారికి,

మీ మాట దాటాను. మీకు కోపం వచ్చినా, ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదవండి.

నిన్న సంతలో యర్రయ్య కొత్త సీసా, మీ పన్నెండో తారీకు ఉత్తరం ఇచ్చాడు. అది చదివి, ఘాటైన మందు అంటే ధైర్యం వచ్చింది. ఇంటికి తెచ్చి మూత తీసి గిన్నెలో పోశాను. ఆయన మంచం మీద చెయ్యి చాపి తడుముకుంటూ, తలగడ కింద నుంచి ఒక పొట్లం తీసి నోట్లో వేసుకుని నీళ్లు తాగారు. ఎప్పుడూ చేసే పనే. ఆ పొట్లాలు పాడేరు పోస్టాఫీసులో అమ్ముతారు. జ్వరానికి మంచివని అడవి గార్డు చెబితే, ఇక్కడికి వచ్చిన కొత్తలోనే ఆయన ఒక కట్ట తెచ్చుకున్నారు. తెల్లటి పొడి. మీ మందు ఎర్రటి నీళ్లు. అది సర్కారు మందు, ఇది ఆసుపత్రి మందు, రెండూ వేరు అనుకున్నాను. ఆయనా అలాగే అనుకున్నారు. పైగా మీ మందుతో పాటు ఇది కూడా వేసుకుంటే బేగి నయమవుతుందని, వణుకు వచ్చినప్పుడల్లా రెండేసి మింగారట.

ఖాళీ కాగితం మంచం మీద పడింది. దానికి అంటిన పొడి నా వేలికి తగిలింది. అదే చేత్తో నోటి మీది చెమట తుడుచుకున్నాను. ఆ చేదు వదినా! వెంటనే గిన్నెలో మీ మందు వేలితో ముట్టుకుని నాలుకకి రాసుకున్నాను. అదే చేదు. గొంతు దాకా దిగి, నాలుక వెనక కూర్చునే చేదు. ఇంకే పసరుకీ ఆ చేదు ఉండదు.

రెండూ ఒకటే అని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ అటు ఆయన, ఇటు నేను, ఒకే మందు రెండు చేతులతో ఆయన ఒంట్లో పోశాం.

గిన్నె చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. మీరు మానొద్దన్నారు. ఆపితే జ్వరం తిరగబెడుతుందన్నారు. మీరు ఆసుపత్రిలో పనిచేసేవారు, నేను ఒట్టి బడిలో చదువుకున్నదాన్ని. కానీ మీకు పొట్లాల సంగతి తెలియదు కదా అనిపించింది. తెలియనివాళ్ల మాట తెలిసినవాళ్లు ఎలా వినాలి? గిన్నె పారబోశాను. తలగడ కింద పొట్లాలన్నీ తీసి దాచాను. ఆయన తడుముకుని దొరక్క నా మీద కేకలేశారు. "నన్ను సంపేత్తావా ఏటే?" అన్నారు. ఆయనకి నా జవాబు వినపడదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇవాళ తెల్లారాక చూపు పూర్తిగా పోయింది. కిటికీ ఎటు ఉందో కూడా తెలియడం లేదు. మందు ఆపడం వల్ల పోయిందా? తిన్నది ఇంకా ఒంట్లో ఉండడం వల్ల పోయిందా? నేను చేసింది తప్పో ఒప్పో మీరు రాయండి. తప్పైతే బతికినంతకాలం మోస్తాను, కానీ ముందు రాయండి.

వరమ్మ


చోడవరం
24 ఆగస్టు 1926

నా తల్లీ వరమ్మా,

తప్పు కాదు. నీ మీద ఒట్టు, తప్పు కాదు. మందు ఆపమన్న నా ఉత్తరం నీకు అందే ఉంటుంది. నేను రాసిందీ నువ్వు చేసిందీ ఒకటే. నా ఉత్తరం వాగు ఒడ్డున ఆగి ఉన్న రోజునే నువ్వు ఆ పని చేశావు. దొరసానిగారు నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. చూపు చాలామందికి మెల్లగా తిరిగి వస్తుందన్నారు. మొత్తం వస్తుందో లేదో చెప్పలేమన్నారు. నీకు అబద్ధం రాయను.

నాలుకకి రాసుకున్నావా! కడుపుతో ఉన్నావు. నీకు నువ్వుగా ఆ పొడి ఇంకెప్పుడూ ముట్టకు. నీకు జ్వరం తగిలితే ఎవరు ఏమన్నా కిందికి వచ్చెయ్యి. దొరసానిగారు చూసి ఇస్తేనే వేసుకోవాలి.

ఇప్పుడు కష్టమైన మాట. జ్వరం తిరిగి వస్తుంది. వచ్చినప్పుడు వాడికి మళ్లీ ఈ మందే కావాలి, వేరే దారి లేదు. అందుకు పాత సీసాలో మిగిలింది చాలు. ఒక గీతలో సగం, తిన్న తరవాత, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అంతకు మించి వద్దు. మోత మళ్లీ మొదలైనా, చూపు ఏ మాత్రం తగ్గినా, ఆ పూట నుంచే ఆపు. కక్కుకుంటే మళ్లీ పోయకు. పొట్లాలు నిప్పులో వేసెయ్యి, ఇంకొకరికి ఇవ్వకు.

వాడు మొండికేస్తే గంజిలో కలిపి పట్టించు. తెలియనక్కర్లేదు.

నీ వదిన


హుకుంపేట
2 సెప్టెంబరు 1926

వదినగారికి వందనాలు.

మీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. ముందు మంచి మాట రాస్తాను. చెవులు వస్తున్నాయి. పొయ్యిలో కట్టె చిటపటమంటే ఆయన తల తిప్పారు. నేను గరిటె పడేసి ఏడ్చాను. ఆ గరిటె చప్పుడు కూడా వినపడిందట.

చూపు కూడా కొద్దిగా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. వెదురు గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందంటారు. పక్కన పెట్టిన నీళ్ల చెంబు చెయ్యి తగిలి పడేస్తారు.

మిగిలింది రాయక తప్పదు. గంజి మాట ఒక్కటి తప్ప, మీ ఉత్తరాలు ఆయనకి చదివి వినిపించాను. అన్నీ విన్నాక మిమ్మల్నీ నన్నూ కలిపి అన్న మాట ఇది. "అప్పా నువ్వూ కలిసి నన్ను గుడ్డోణ్ణి సేసినారు. ఆవిడ అక్కణ్ణించి రాయడం, నువ్విక్కడ ముక్కు మూసి పొయ్యడం." "పొట్లాలు మింగింది మీరు కదా" అని నోటి దాకా వచ్చింది. అనలేదు. అంటే ఏం వస్తుంది?

ఇవాళ మధ్యాహ్నం వణుకు మొదలైంది. పాత సీసా తెచ్చాను. సీసా గాజు చప్పుడు విని గోడకి జరిగిపోయారు. "నాను జొరంతోనైనా పోతాను గానీ, మళ్లీ ఆ సీకట్లోకి పోను" అన్నారు. ఒళ్లు నిప్పులా ఉంది. గంజి కాస్తున్నాను. సీసా నా పక్కనే ఉంది. మీరు రాసినట్టు కలిపేస్తే ఆయనకి తెలియదు.

మళ్లీ రాస్తాను.

వరమ్మ


చోడవరం
8 సెప్టెంబరు 1926

వరమ్మా,

సెలవు దొరికింది. పదో తారీకున బయలుదేరుతున్నాను. మాడుగుల దాకా బండి, అక్కడ నుంచి నడక. పాడేరులో ఒక రాత్రి ఉండి మీ ఊరు వస్తాను. డోలీ వద్దు, నా కాళ్లు గట్టివే. దొరసానిగారు వాడి కోసం సరిపడా మోతాదు తూచి ఇచ్చారు, నా కొంగునే ఉంది.

నా మీద కోపం వాడికి న్యాయమే అని చెప్పు. వచ్చి మొహం మీద తిట్టించుకుంటాను.

నీ ఉత్తరం సగంలో ఆపేశావు. గంజి పొయ్యి మీద పెట్టి వదిలేశావు. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మగ్దలేనమ్మ


హుకుంపేట
13 సెప్టెంబరు 1926

వదినగారికి,

మీరు పాడేరు చేరేసరికి ఈ ఉత్తరం మీ చేతిలో ఉండాలని సుక్రుకి ఇచ్చి ముందుగా పంపుతున్నాను. అతను పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని ఉంటాడు. అక్కడ నుంచి అతనే మిమ్మల్ని తీసుకొస్తాడు.

గంజిలో కలపలేదు వదినా. మూత తీశాను, గంజి మీద వంచాను కూడా. వాసన రాదు, కానీ ఆ చేదు దాగదు. ఒక్క గుక్క మింగేసరికి ఆయనకి తెలిసిపోయేది. ఆ తరవాత నా చేతి కూడు ఆయన జన్మలో తినరు. అంతకన్నా, కళ్లు సరిగా కనపడని మనిషికి ఏం పెడుతున్నానో చెప్పకుండా పెట్టడానికి నా చెయ్యి రాలేదు.

గంజి ఒక చేత్తో, సీసా ఒక చేత్తో పట్టుకుని వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. "కలిపేద్దామనుకున్నాను, కలపలేదు. ఇదిగో గంజి. ఇదిగో మందు. వేరువేరుగా ఉన్నాయి" అన్నాను.

"మళ్లీ సెవులు మోగితే?" అన్నారు.

"మోగిందని మీరు అన్న మరుక్షణం ఆపేస్తాను. మీ అప్ప రాసినా వినను, దొరసాని రాసినా వినను. మీరు చెప్పిందే వింటాను. కానీ ఈసారి దాచకూడదు. కొంచెమే కదా, తగ్గిపోద్ది కదా అని ఊరుకోకూడదు."

"పొట్లాలేవి?"

"పొయ్యిలో వేశాను. మీ ఎదురుగానే వెయ్యాల్సింది. బూడిద ఉంది, చూస్తారా?"

నవ్వారు వదినా. వణుకుతూనే నవ్వారు. గంజి తాగి, సీసా తన చేతిలోకి తీసుకుని, గీత కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, సగం గీత తనే పోసుకున్నారు. ఆ రాత్రంతా "మోగతందా?" అని నేను, "లేదే" అని ఆయన. ఒకసారి "కొద్దిగా ఉంది" అన్నారు. పొద్దున మందు ఆపేశాను. సాయంత్రానికి మోత పోయింది, మర్నాడు మళ్లీ ఇచ్చాను. జ్వరం ఒక్కసారి వచ్చి, మళ్లీ రాలేదు.

నిన్న బడికి వెళ్లారు. రెండు పక్కలా కూర్చున్న పిల్లల్ని లేపి, అందరినీ ఎదురుగా ఒకే వరసలో కూర్చోబెట్టుకున్నారు. వరస బడి పాక దాటి వాకిట్లోకి వచ్చేసింది.

మీరు వచ్చాక చూసి భయపడకూడదని ఇది రాస్తున్నాను. మీరు పలకరించినా ఆయన మీ వైపు తిరగకపోవచ్చు, అది కోపం కాదు. పక్క నుంచి వస్తే మీరు ఆయనకి కనపడరు. హఠాత్తుగా చెయ్యి వేస్తే ఉలిక్కిపడతారు. మా ఇంటికి రెండు దారులు ఉన్నాయి. సుక్రు అలవాటు కొద్దీ పెరటి దారిన తీసుకొస్తాడు. మీరు వద్దనండి, చుట్టు తిరిగి వాకిటి దారిన రండి. దూరం నుంచే పేరు పెట్టి పిలవండి. వినపడుతుంది. ఆయన మిమ్మల్ని వెతుక్కుంటారు. దొరికేదాకా కదలకుండా, ఎదురుగా నిలబడండి.

మీ మరదలు
వరమ్మ